ఖాతాలో పడిన పరాయి సొమ్ము

గత మాసం ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. పేరు, ఊరు ప్రచురించవద్దని కోరారు. భర్త కువైట్‌లో డ్రైవరు. రెండు నెలలుగా ఆయనకు జీతం అందలేదు. పెద్ద కుమారుని కాలేజీ ఫీజు 18,000 రూపాయలు బకాయి ఉంది. అది చెల్లించనిదే హాల్‌టికెట్టు ఇవ్వబోమని యాజమాన్యం చెప్పింది. ఒక రాత్రి ఆమె తహజ్జుద్‌కు లేచి, సజ్దాలో కన్నీళ్ళతో ఈ ఫీజు గురించే అల్లాహ్‌ను వేడుకున్నారు. మరునాడు జుహర్ వేళకు ఫోన్ మోగింది. ఆమె ఖాతాలో 20,000 రూపాయలు జమ అయ్యాయి. పంపినవారి పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు.

అత్తగారు వెంటనే షుక్రానా నమాజు చేశారట. "నీ దుఆ ఖబూల్ అయిందమ్మా, ఇంకేమీ ఆలోచించకు" అన్నారట. తమ్ముడు మాత్రం ఎవరి సొమ్మో తేలేవరకు ఒక్క రూపాయి ముట్టవద్దన్నాడు. సాయంత్రం ఒక అపరిచితుడు ఫోన్ చేసి, "అక్కా, పొరపాటున మీకు పంపాను. ఆసుపత్రిలో ఉన్నాం. ఈ నంబరుకు వెంటనే తిరిగి పంపండి" అని మరో నంబరు చెప్పాడు. ఉత్తరం చివర ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: దీనిని అల్లాహ్ ఇచ్చిన ఉపాధి అనుకోవాలా, పరాయి సొమ్ము అనుకోవాలా?

ఫీజు గడువు దగ్గర పడినందున ఆమెకు జవాబు ఫోన్‌లోనే చెప్పాను. పత్రిక వెలువడేవరకు ఆగే వ్యవహారం కాదు అది. అయితే చేతి ఫోన్ల ద్వారా డబ్బు పంపుకోవటం సర్వసాధారణమైన ఈ రోజుల్లో ఒక అంకె తప్పు నొక్కితే సొమ్ము వేరే ఊరికి, వేరే మనిషికి చేరుతోంది. రేపు ఈ పరిస్థితి మన పాఠకులలో ఎవరికైనా ఎదురుకావచ్చు. కనుక ఆమెకు చెప్పినదానినే ఇక్కడ మరికొంత విపులంగా రాస్తున్నాను.

ముందుగా అత్తగారి మాట. దానిని నేను తేలికగా కొట్టివేయలేను. కష్టంలో ఉన్న విశ్వాసి తనకు కలిగిన ప్రతి మేలులోనూ ప్రభువు కారుణ్యాన్ని చూడటం ఈమాన్ లక్షణం. కానీ ఆ పెద్దమ్మ ఒక మెట్టు దాటి ముందుకు వెళ్ళిపోయారు. సొమ్ము మనకు చేరటం వేరు, అది మనదవటం వేరు. సూరా ఆరాఫ్ 163వ ఆయతులో సముద్ర తీరాన ఉన్న ఒక పట్టణవాసుల వృత్తాంతం ఉంది. వారికి శనివారం నాడు చేపల వేట నిషిద్ధం. సరిగ్గా ఆ రోజే చేపలు నీటిపై కనబడుతూ ఒడ్డుకు వచ్చేవి. మిగతా రోజుల్లో వచ్చేవి కావు. అలాగే ఇహ్రామ్ స్థితిలో ఉన్నవారికి వేట నిషేధించిన సందర్భంలో, మీ చేతులకూ ఈటెలకూ అందేంత దగ్గరకు వేట జంతువులు వచ్చి మీకు పరీక్ష అవుతాయని సూరా మాయిదా 94వ ఆయతు తెలుపుతుంది. అవసరమైన వస్తువు, అవసరమైన వేళకే, చేయి చాస్తే అందేంత దగ్గరకు రావటం దాని ధర్మసమ్మతికి రుజువు కాదని ఈ రెండు ఆయతుల నుండి గ్రహించవచ్చు. ఆ సోదరి దుఆ స్వీకృతమై ఉండవచ్చు. దాని ఫలితం మరో ద్వారం నుండి రావచ్చు. ఈ 20,000 మాత్రం ఎవరిదో తేలనిదే ఏ పేరూ పెట్టటానికి వీలులేదు.

సహీహ్ ముస్లింలోని ఒక హదీసును కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. దూరప్రయాణం చేసి, జుట్టు చెదిరి, దుమ్ము కొట్టుకుపోయిన ఒక వ్యక్తి ఆకాశం వైపు చేతులెత్తి ప్రభువును పిలుస్తున్నాడు. అతని తిండి హరామ్, తాగేది హరామ్, కట్టిన బట్ట హరామ్. అలాంటివాని మొర ఎలా ఆలకించబడుతుందని దైవప్రవక్త (స) ప్రశ్నించారు. దుఆ ద్వారా వచ్చిందనుకున్న సొమ్మే తదుపరి దుఆలకు అడ్డుగోడ అయితే ఆ ఇంటికి మిగిలేది ఏమిటి?

ఇక షరీఅత్ ఈ సొమ్మును ఏ కోవలో చేర్చుతుందో చూద్దాం. మన మదర్సాలలో బోధించే హిదాయా గ్రంథంలో లఖీత్, లుఖతా అనే రెండు అధ్యాయాలు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది దిక్కులేకుండా దొరికిన శిశువు గురించి, రెండవది దొరికిన వస్తువు గురించి. ఈ రెండింటినీ ఒకదాని వెంట ఒకటి చదివే విద్యార్థికి నేను ప్రతి ఏటా చెప్పే మాట ఒకటుంది: దొరికిన బిడ్డను ఎలా చూస్తామో దొరికిన సొమ్మునూ అలా చూడాలి. బిడ్డ దొరికితే తల్లి ఎవరని వెదుకుతాం. ఎవరూ అడగటం లేదు గదా అని అమ్ముకోము.

అయితే ఖాతాలో పడిన డబ్బు ఖచ్చితమైన అర్థంలో లుఖతా కాదు. లుఖతాను దారిన పోయేవాడు తన చేతితో, తన ఇష్టంతో ఎత్తుకుంటాడు. వద్దనుకుంటే వదిలి వెళ్ళగలడు. ఈ సోదరి దేనినీ ఎత్తుకోలేదు. ఆమె వంట చేసుకుంటుండగా డబ్బు వచ్చి పడింది. దీనికి దగ్గరి పోలిక ఫుఖహాలు చెప్పిన గాలి ఉదాహరణ. పొరుగింటివారి వస్త్రాన్ని గాలి ఎగరేసుకొచ్చి మన ఇంట్లో పడవేస్తే అది మన చేతిలో అమానత్. ఉస్మానియా సామ్రాజ్యంలో 1869-1876 మధ్య హనఫీ ఫిఖహ్ ఆధారంగా కూర్చిన 'మజల్లా' అనే న్యాయసంహితలో ఈ ఉదాహరణే కనబడుతుంది. దాచమని ఎవరూ మనకు అప్పగించలేదు, మనమూ ఒప్పుకోలేదు. అయినా అది అమానతే. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించాలన్నది సూరా నిసా 58వ ఆయతులోని స్పష్టమైన ఆదేశం.

పంపినవాడు తప్పు చేశాడు, నష్టం అతనిదే కదా అని వాదించేవారున్నారు. ఈ వాదన నిలవదు. పొరపాటని తేలిపోయిన ఊహకు విలువ లేదన్నది ఫిఖహ్ సూత్రం. మజల్లాలో అది 72వ అధికరణం. తాను బాకీ ఉన్నాననుకుని ఒకరు చెల్లించి, తర్వాత బాకీ లేదని తేలితే ఆ సొమ్మును తిరిగి పొందే హక్కు అతనికి ఉంటుంది. ఇందులో ఒక విశేషముంది. 1872లో వచ్చిన భారత కాంట్రాక్టుల చట్టంలో కూడా 72వ సెక్షనే ఈ విషయానికి సంబంధించినది: పొరపాటున చెల్లించిన సొమ్మును అందుకున్నవారు దానిని తిరిగి ఇవ్వాలి. దాని ముందరి 71వ సెక్షను దొరికిన వస్తువును తన అధీనంలోకి తీసుకున్నవాని బాధ్యత గురించి చెబుతుంది. ఇస్తాంబుల్‌లోని ఫఖీహులు, మన దేశపు చట్టకర్తలు ఒకరినొకరు సంప్రదించుకుని సంఖ్యలు వేసుకోలేదు, అది కేవలం యాదృచ్ఛికం. తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు నవ్వుతారు, కానీ తర్వాత మరచిపోరు. పరాయిదని తెలిసీ ఆ డబ్బును దురుద్దేశంతో వాడుకుంటే అది నేరం కూడా అవుతుంది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షను ప్రకారం రెండేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు.

కనుక ఆ సోదరి తమ్ముడు చెప్పింది సరైన మాట. తిరిగి ఇవ్వాలి. ఎవరికి, ఎలా అన్నదే అసలు చిక్కు. మంచి మనసున్నవారు మోసపోయేది సరిగ్గా ఇక్కడే.

ఫోన్ చేసిన వ్యక్తికి మొత్తం తెలుసు, తేదీ తెలుసు, సమయం కూడా తెలుసు. ఇన్ని గుర్తులు చెప్పినవాడు యజమాని కాకుండా ఎలా ఉంటాడనిపిస్తుంది. హదీసులో దొరికిన సంచి గురించి దైవప్రవక్త (స) దాని సంచిని, కట్టిన తాడును గుర్తుంచుకోమని, ఏడాదిపాటు ప్రకటించమని చెప్పారు. ఎవరైనా వచ్చి ఆ గుర్తులు సరిగా చెబితే ఇవ్వవచ్చు. అయితే హనఫీ ఫుఖహాలు ఇక్కడ ఒక సూక్ష్మమైన భేదం చూపారు. గుర్తులు చెప్పినవానికి ఇవ్వటం ధర్మసమ్మతమే, కానీ సాక్ష్యం లేకుండా ఇచ్చి తీరాలని ఖాజీ నిర్బంధించడు. గుర్తులు తెలిసినవాడల్లా యజమాని కాకపోవచ్చు గనుక. అమానత్‌ను యజమాని అనుమతి లేకుండా మరొకరి చేతిలో పెడితే, ఆ నష్టానికి పెట్టినవారే జామిన్ అవుతారన్నది కూడా తెలిసిన నియమమే.

నేటి మోసాలలో జరుగుతున్నది ఇదే. ఒక అమాయకుని ఖాతా నుండి దొంగిలించిన డబ్బును నేరగాడు మరొక అమాయకురాలి ఖాతాకు పంపుతాడు. తర్వాత అక్కా, చెల్లీ అంటూ బతిమాలి దానిని మూడో ఖాతాకు పంపించుకుంటాడు. దోపిడీకి గురైనవాడు పోలీసులకు ఫిర్యాదు చేస్తే మధ్యలో ఉన్న ఈమె ఖాతా బయటపడుతుంది, వాడు మాయమవుతాడు. ఎక్కడో వేరే రాష్ట్రంలో నమోదైన ఫిర్యాదు కారణంగా ఇక్కడి చిన్న దుకాణదారుల ఖాతాలు స్తంభించిపోయిన సందర్భాలు అనేకం. అసలు ఖాతాకు ఆ డబ్బు ఆమె నుండి చేరలేదు గనుక ఆమె తిరిగి ఇచ్చినట్టూ కాదు. ధర్మం ప్రకారమూ కాదు, చట్టం ప్రకారమూ కాదు. ఇంకో రకం మోసంలో అసలు డబ్బే రాదు. బ్యాంకు పంపినట్టు కనబడే నకిలీ సందేశం ఒకటి వస్తుంది, దానిని నమ్మినవారు తమ సొంత డబ్బును 'తిరిగి' పంపుతారు.

అందువల్ల ఆమెకు నేను చెప్పిన పని ఇది. మొదట సందేశాన్ని నమ్మక, ఖాతాలో నిల్వ స్వయంగా చూసుకోవాలి. డబ్బు నిజంగా వచ్చి ఉంటే ఫోన్ చేసినవానితో వాదులాడవద్దు, కోప్పడవద్దు. అతను నిజంగానే ఆసుపత్రిలో ఉన్నవాడు కావచ్చు. "మీ బ్యాంకులో ఫిర్యాదు ఇవ్వండి, నేను నా బ్యాంకులో రాసి ఇస్తాను, డబ్బు వచ్చిన ఖాతాకే తిరిగి వెళుతుంది" అని చెప్పి ముగించాలి. నిజమైన యజమానికి ఈ మాట ఊరటనిస్తుంది. మోసగాడైతే బెదిరిస్తాడు లేదా మళ్ళీ ఫోన్ చేయడు. తర్వాత తమ్ముణ్ణి వెంటబెట్టుకుని బ్యాంకు శాఖకు వెళ్ళి, తేదీ, మొత్తం, లావాదేవీ సంఖ్య రాసి, ఈ సొమ్ము నాది కాదు, వచ్చిన ఖాతాకే తిరిగి పంపండి అని అర్జీ ఇవ్వాలి. నకలు మీద ముద్ర, సంతకం తీసుకోవటం మరువకూడదు. మోసమని అనుమానం బలంగా ఉంటే 1930 నంబరుకు ఫోన్ చేసి సైబర్ నేరాల విభాగానికి తెలియజేయాలి. ఈ మధ్యలో ఎవరు ఏ లింకు పంపినా నొక్కవద్దు. డబ్బు అందుకోవటానికి పిన్ నంబరు కొట్టవలసిన అవసరం ఎన్నడూ ఉండదు, పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే.

ఈ సందర్భంలోనే తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. కొందరు యువకులు తమ బ్యాంకు ఖాతాను, ఏటీఎం కార్డును నెలకింత అని పరాయివారికి అద్దెకిస్తున్నారు. వచ్చిన డబ్బు వచ్చినట్టే వెళ్ళిపోతుంది, నాకు కమీషను మిగులుతుంది, నేనేమీ దొంగిలించలేదు అని వారి వాదన. దొంగసొత్తు దాచటానికి ఇల్లు అద్దెకిచ్చినవాడూ ఇదే మాట చెప్పగలడు. పాపంలో పరస్పరం సహకరించుకోవద్దన్న ఖుర్ఆన్ ఆజ్ఞ ఇక్కడ వర్తించకపోతే ఇంకెక్కడ వర్తిస్తుంది? ఉద్యోగం లేని కుమారుడు హఠాత్తుగా ఇంటికి సరుకులు తెస్తే అమ్మీ, అబ్బాలు సంతోషించే ముందు ఒక్క మాట అడగాలి. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఒకసారి తన సేవకుడు తెచ్చినది తిన్నారు. అది ఒకప్పుడు అతడు జోస్యం చెప్పి మోసగించినందుకు ముట్టిన ప్రతిఫలమని ఆ తర్వాత తెలిసింది. వెంటనే గొంతులో వేలు పెట్టుకుని కడుపులోనిదంతా కక్కివేశారు. సహీహ్ బుఖారీలో ఉన్న ఈ వృత్తాంతాన్ని మనం ప్రసంగాలలో వింటాం, కన్నీళ్ళు పెట్టుకుంటాం. ఇంటికి వచ్చిన సరుకుల సంచీ విషయంలో మాత్రం గుర్తు తెచ్చుకోము.

అపరిచితుడు ఇచ్చిన ప్రతి రూపాయినీ అనుమానించమని కూడా నేను చెప్పటం లేదు. తెలిసి, ఇష్టపడి ఇచ్చిన దానం వేరు. దైవప్రవక్త (స) హజ్రత్ ఉమర్ (రజి)కి ఏదో ఇవ్వబోగా, నాకంటే పేదవారికి ఇవ్వండి అని ఆయన విన్నవించుకున్నారు. అందుకు ప్రవక్త (స), ఆశపడకుండా, అడగకుండా వచ్చిన సొమ్మును తీసుకోమని, అలా రానిదాని వెంట మనసును పరుగెత్తించవద్దని బోధించారు. కాబట్టి ఇచ్చేవాడు ఎవరికి ఇస్తున్నాడో తెలిసే ఇస్తున్నప్పుడు స్వీకరించటంలో తప్పులేదు. అయినా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఏ ఉద్దేశంతో ఇస్తున్నాడు? మా వంటి మదర్సా ఉపాధ్యాయులకు ఇది ప్రతి రంజాన్‌లోనూ ఎదురయ్యే విషయమే. రైల్వే స్టేషనులో గడ్డం, టోపీ చూసి ఎవరో పుణ్యాత్ముడు జేబులో నోటు పెట్టి గబగబా వెళ్ళిపోతాడు. వెంటబడి, "భాయ్, ఇది హదియానా, జకాతా?" అని అడగటం ఇబ్బందిగానే ఉంటుంది, కానీ అడగాలి. తన వద్దకు ఆహారం తెచ్చినప్పుడు అది హదియానా, సదఖానా అని దైవప్రవక్త (స) అడిగేవారు. సదఖా అయితే తాము తినక సహచరులకు ఇచ్చేవారు. నిసాబ్ కలిగిన వ్యక్తి, అంటే అవసరాలు పోను 612 గ్రాముల వెండి విలువకు సరిపడే ఆస్తి ఉన్నవారు, జకాత్‌ను తమ కోసం ఉంచుకోరాదు. బురఖాలో బజారుకు వెళ్ళిన స్త్రీల చేతిలో కూడా కొందరు ఇలా డబ్బు పెడుతుంటారు. మొహమాటపడి తెచ్చుకున్నా, అర్హత లేకుంటే దానిని అర్హులకు చేర్చాలి.

ఉద్యోగ బాధ్యతల్లో ఉన్నవారికి పనికోసం వచ్చినవారు ఇచ్చే 'కానుక' సంగతి ఇంకా తేలిక. జకాత్ వసూలుకు వెళ్ళి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది అన్న వ్యక్తి విషయంలో, అతను తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఈ కానుక వచ్చేదా అని ప్రవక్త (స) మింబర్ మీద నిలబడి ప్రశ్నించారు. దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు.

బజారులో, ఆటోలో, పెళ్ళి హాలులో నగదు దొరికితే అది అసలైన లుఖతా. దానిని ప్రకటించాలి. ఎంతకాలమంటే, యజమాని ఇక వెదకటం మానేసి ఉంటాడని మనసుకు గట్టిగా తోచేవరకు. పెద్ద మొత్తమైతే ఏడాది అన్నది సాధారణ కొలత. పోగొట్టుకున్న వస్తువు కోసం మసీదు లోపల కేకలు వేయటాన్ని హదీసు వారించింది గనుక ప్రకటన మసీదు ద్వారం దగ్గర, బజారులో చేయమన్నారు ఫుఖహాలు. అన్నీ చేశాక కూడా యజమాని దొరకకపోతే హనఫీ మజ్‌హబ్‌లో సంపన్నుడు దానిని యజమాని తరఫున సదఖా చేయాలి, నిరుపేద అయితే తానే వాడుకోవచ్చు. ఆ తర్వాత యజమాని వస్తే సదఖా పుణ్యాన్ని స్వీకరించటమో, సొమ్ము కోరటమో అతని ఇష్టం. షాఫియీ మజ్‌హబ్‌లో ఏడాది ప్రకటించాక సంపన్నుడికి కూడా వాడుకునే వీలుంది, యజమాని వస్తే చెల్లించాలి. రాలిపడిన ఒక ఖర్జూరం వంటి అల్పవస్తువులకు ఈ ప్రకటనలేవీ అవసరం లేదు. దారిలో కనబడిన ఖర్జూరం సదఖాది కావచ్చునన్న భయం లేకుంటే తినేవాడినని ప్రవక్త (స) సెలవిచ్చారు.

పూర్వ సమాజంలోని ఇద్దరు వ్యక్తుల గురించి బుఖారీ, ముస్లింలలో ఉన్న వృత్తాంతం ఈ సోదరికి ఫోన్‌లో చెప్పాను. ఒకరు మరొకరి నుండి భూమి కొన్నారు. అందులో బంగారం నిండిన కుండ బయటపడింది. నేను భూమి కొన్నాను గాని బంగారం కొనలేదు, తీసుకోమని కొన్నవాడు. భూమినీ అందులో ఉన్నదానినీ కలిపే అమ్మాను, అది నీదేనని అమ్మినవాడు. తగవు తీర్పరి దగ్గరకు వెళ్ళింది. ఒకరికి కుమారుడు, మరొకరికి కుమార్తె ఉన్నారని తెలుసుకుని, వారిద్దరికీ పెళ్ళి చేసి ఆ బంగారంలో వారికి ఖర్చు పెట్టండి, దానం చేయండి అని ఆయన తీర్పు ఇచ్చారు. నాది అని పోట్లాడుకున్నవారి తగవులు తీర్చేవారు ప్రతి మొహల్లాలో ఉన్నారు. ఇలాంటి తగవు మాత్రం నా యాభై ఏళ్ళ వయసులో ఒక్కటీ చూడలేదు. ఇది విని ఆ సోదరి కొద్దిసేపు మౌనంగా ఉండి, "మౌలానా, మా అత్తమ్మకు మీరే ఈ కథ చెప్పండి" అని ఫోన్ ఆమెకు ఇచ్చారు. పెద్దమ్మ చివరిదాకా విని, మరి పిల్లాడి ఫీజు మాటేమిటని అడిగారు.

అడగవలసిన ప్రశ్నే. ధర్మం చెప్పి చేతులు దులుపుకుంటే అది సగం పనే. ఆ కుటుంబం నిజంగా ఇబ్బందుల్లో ఉంది. భర్త జీతం చేతికి రాలేదు, ఇంట్లో నిసాబ్‌కు సరిపడే ఆస్తి లేదు. అలాంటప్పుడు జకాత్ తీసుకోవటం వారి హక్కు, అందులో అవమానం లేదు. ఊరి మసీదు కమిటీ బైతుల్‌మాల్ బాధ్యులతో మాట్లాడమని, ఆలోగా కాలేజీవారికి రెండు వాయిదాలలో కట్టే వీలు కల్పించమని అర్జీ ఇవ్వమని చెప్పాను. అత్తగారు ఆ పని తానే చూస్తానన్నారు. ప్రిన్సిపాల్ దగ్గరకు కోడలు వెళితే మొహమాటపడుతుందట, తాను వెళితే పడదట.

మరొక చిన్న పని కూడా ఆమెకు అప్పగించాను. బ్యాంకు నుండి ఆ డబ్బు తిరిగి వెళ్ళేదాకా ఖాతాలో దానిని కదపకుండా ఉంచి, ఇంటి లెక్కల పుస్తకంలో ఒక పేజీలో తేదీ, 20,000 రూపాయలు, లావాదేవీ సంఖ్య, 'ఇది మాది కాదు' అన్న మాట రాసి, తమ్ముడి చేత, అత్తగారి చేత సంతకం పెట్టించమన్నాను. వసీయత్ చేయవలసినది ఉన్న ముస్లిం అది రాసి ఉంచకుండా రెండు రాత్రులు గడపరాదని హదీసులో ఉంది. మనం పోయాక వారసులు ఖాతాలో ఉన్నదంతా మనదే అనుకుని పంచుకుంటారు, వారికి తెలిసే మార్గం లేదు. ఆమె ఆ పేజీని ఫోటో తీసి నాకు పంపారు. కింద రెండు సంతకాలున్నాయి, అత్తగారిది ఉర్దూలో.